గుంట గట్టు మీద పరిశోధన గోల

నిన్న సాయంత్రం ఇందుకూరుపేట దగ్గర మా బావ రొయ్యల గుంట గట్టు మీద కూర్చున్నాం. చెక్ ట్రే పైకి లాగి, మేత మిగిలిందా అని వేళ్లతో కెలికి చూస్తూ ఆయన ఒకటే మాట: "పరిశోధనలన్నీ ప్రైవేటు వాళ్లకే వదిలెయ్యాలి అబ్బయా. అమెరికా కంపెనీలు వెనామీ తల్లి రొయ్యల్ని పంపబట్టే గదా మనం నాలుగు రూపాయలు చూశాం!"

కాదనలేను. 1990ల్లో తెల్లమచ్చ వైరస్ టైగర్ రొయ్యను ఊడ్చేసింది. 2009లో విదేశీ రకమైన వెనామీకి అనుమతి వచ్చాకే ఈ గుంటలు తేరుకున్నాయి. కానీ రోగాలు లేని ఆ వెనామీని మొదట తయారుచేసింది కంపెనీల సొమ్ముతో కాదు. అమెరికా వ్యవసాయ శాఖ నిధులతో, హవాయిలోని ఓషనిక్ ఇన్‌స్టిట్యూట్ లాంటి సంస్థల్లో ఏళ్ల తరబడి చేసిన పని అది. లాభం కనబడ్డాక కంపెనీలు దిగాయి. తప్పుపట్టను, వ్యాపారమంటే అంతే.

చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థ సీబా మన దేశవాళీ తెల్ల రొయ్య మీద పనిచేస్తోంది. సర్కారు పని కదా, నెమ్మదే! అయినా తల్లి రొయ్య కోసం ఎప్పటికీ విమానం వైపే చూడాలా అని అడిగితే, బావ ట్రే నీళ్లలోకి వదిలి, "ముందు కరెంటు బిల్లు సంగతి చూడు" అన్నాడు.