నిద్రపోతున్న మొక్క ముందు

శనివారం, రాత్రి.

పొద్దుటి నుంచీ మంచు కురుస్తూ ఉండడంతో, నెల రోజులుగా సొరుగులో పడి ఉన్న కొత్త జాయ్‌స్టిక్‌ను ఈరోజు నా నింటెండో 64 కంట్రోలర్‌లో బిగించాను. ఆ గేమ్ పెట్టెను మా పక్క వీధిలో ఒక గరాజ్ సేల్‌లో కొన్నాను. అంతకు ముందు ఆ ఇంటి పిల్లలు, ఆ తరువాత నేను ఆడి ఆడి స్టిక్‌ను అరగదీయడంతో, అది వదిలేస్తే నిటారుగా నిలవక, వాడిపోయిన తోటకూర కాడలా పక్కకు వాలిపోయేది.

వెనుక స్క్రూలన్నీ విప్పి, జెడ్ బటన్ చిన్న బోర్డును జాగ్రత్తగా పక్కకు తప్పించి, స్టిక్ పెట్టెను తెరిస్తే ముగ్గుపిండిలాంటి తెల్లటి పొడి రాలింది. రుబ్బురోట్లో పొత్రం తిరిగినట్టు, స్టిక్ అడుగు భాగం ప్లాస్టిక్ గిన్నెలో తిరిగి తిరిగి రెండూ అరిగాయి. లోపలి పనితనం మాత్రం ముచ్చటగా ఉంది. స్టిక్‌ను కదిపితే సన్నని చీలికలున్న రెండు చక్రాలు తిరుగుతాయి. ఆ చీలికల గుండా వెలుగు పడుతూ ఆగుతూ ఉండడాన్ని సెన్సర్లు లెక్కపెడతాయి. బంతి ఉండే పాత కంప్యూటర్ మౌసు పద్ధతే ఇది. ఈ పద్ధతిలో స్టిక్ ఎంత కదిలిందో తెలుస్తుందే గాని ఎక్కడుందో తెలియదు. అందుకే పవర్ వేసిన క్షణాన అది ఎక్కడుంటే అదే నడిమిగా లెక్క. తేడా వస్తే ఎల్, ఆర్, స్టార్ట్ బటన్లను కలిపి నొక్కి సరిచేసుకోవాలి.

కొత్తది గేమ్‌క్యూబ్ (నింటెండో వాళ్ల తరువాతి గేమ్ పెట్టె) తరహా స్టిక్. రేడియోలో వాల్యూమ్ తిప్పే చోట ఉండేలాంటి పొటెన్షియోమీటర్లు దీనిలో ఉంటాయి; అవి చెప్పిన కొలతను ఒక చిన్న చిప్ పాత పద్ధతి సంకేతాలుగా మార్చి అందిస్తుంది. ఆరు తీగల కనెక్టరు అదే కాబట్టి సోల్డరింగ్ అవసరం లేకపోయింది. అరగంటలో పని ముగిసింది, స్టిక్ బిగువుగా నిలబడింది, నేను టీ పెట్టుకున్నాను.

చిక్కు ఆటలో తెలిసింది. 1996 నాటి సూపర్ మారియో 64లో నిద్రపోతున్న పిరానా మొక్క దగ్గరకు మునివేళ్ల మీద వెళ్లాలి. అడుగు కాస్త గట్టిగా పడితే మేలుకుని కరుస్తుంది. పదిసార్లు ప్రయత్నిస్తే ఎనిమిదిసార్లు మేలుకుంది. అడాప్టర్ ద్వారా కంప్యూటర్‌కు తగిలించి చూస్తే సంగతి బోధపడింది: పూర్తిగా వంచితే, అరగని పాత స్టిక్ ఒక్కో దిక్కుకు కదలిక కొలతను సుమారు 80 దాకా చూపిస్తుంది, ఇది 100 దాటిస్తోంది. అంటే వేలు కొద్దిగా కదిపినా మారియో పరుగు లంకించుకుంటాడు. మెత్తగా నడిపించడానికి ఉండవలసిన చోటే సన్నగిల్లిపోయింది. ప్యాకెట్ మీద ఆ మాట ఒక్క ముక్కైనా రాయలేదు.

ఇంతలో మా అబ్బాయి వచ్చి, "నాన్నా, ఒకసారి ఇవ్వు," అని తీసుకుని, రెండో ప్రయత్నంలోనే మొక్కను లేపకుండా దాటేశాడు. నేటి కంట్రోలర్లకు అలవాటు పడ్డ బొటనవేలు వాడిది. నాకు కొంచెం ఉక్రోషం కలిగిన మాట నిజం.

రాత్రి భోజనాలయ్యాక కొత్త స్టిక్‌ను రెండో కంట్రోలర్‌కు మార్చి వాడికిచ్చాను. నా దానిలో పొడి తుడిచి పాతదే బిగించాను. గిన్నె, చక్రాలు విడిగా దొరుకుతాయి కాబట్టి అవి తెప్పించాలి. అది ఇంకా పక్కకు వాలుతూనే ఉంది, అయినా మొక్క మూడుసార్లూ నిద్ర లేవలేదు.