వీఆర్ గదికి బడ్జెట్ వేయమన్నప్పుడు

విదేశీ విశ్వవిద్యాలయంలోనో పరిశోధనశాలలోనో సాంకేతిక ఉద్యోగంలో చేరిన మనవాళ్ల నెత్తిన ఎప్పుడో ఒకప్పుడు ఈ పని పడుతుంది: గోడల మీదా నేల మీదా త్రీడీ బొమ్మ పడే గది పెడతాం, ఎంతవుతుందో లెక్క వేసివ్వండి అని. ఇలాంటి వర్చువల్ రియాలిటీ (వీఆర్) గదిని కేవ్ అంటారు. 1992లో షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం చూపించిన పద్ధతే ఇప్పటికీ దీనికి ఆధారం. అడిగేవాళ్ల మనసులో ప్రొజెక్టర్ల ధరే ఉంటుంది. కానీ ఆ ధర ఒక్క ఈమెయిల్‌తో తెలిసిపోతుంది. బడ్జెట్‌ను తలకిందులు చేసేది గది.

ముందుగా ఒక్క ప్రశ్న తేల్చుకోండి. చూసేది ఒక్కరే అయితే కళ్లకు పెట్టుకునే వీఆర్ హెడ్‌సెట్ చాలు. నలుగురు పక్కపక్కనే నిలబడి మాట్లాడుకునే పని ఉంటేనే కేవ్. అందులోనూ మామూలుగా ఒక్కరి తల కదలికనే ట్రాక్ చేసి బొమ్మను ఆ చూపుకే సరిపెడతారు, మిగతావాళ్లకు బొమ్మ కాస్త వంకరగా కనబడుతుంది. ఈ సంగతి మొదటి పేజీలోనే రాసి ఉంచితే తర్వాత మీటింగుల్లో మాట పడక్కర్లేదు.

ఇక కొలతలు. తెర వెడల్పు 3 మీటర్లు, ఎత్తు 2.4 అనుకుందాం. వెనక నుంచి వేసే ప్రొజెక్టర్ త్రో రేషియో (తెరకు ప్రొజెక్టర్ ఉండాల్సిన దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 0.8 అయితే చాలామంది 3ని 0.8తో గుణించి 2.4 మీటర్ల లోతు చాలంటారు. తప్పేది ఇక్కడే. వెడల్పు, ఎత్తు 16:10 నిష్పత్తిలో ఉండే ప్రొజెక్టర్ బొమ్మ 2.4 ఎత్తును నింపాలంటే దాని వెడల్పు 3.84 మీటర్లు ఉండాలి. కాబట్టి కావాల్సిన లోతు 3.07. రెండు పక్క గోడలకూ కలిపి గది వెడల్పు 9.14 మీటర్లు, ప్రొజెక్టర్ ఒళ్లు, మనిషి నడిచే దారి కలిపితే పది దాటిపోతుంది. పైగా తెర బయట పడే బొమ్మంతా వృథా: 1920 పిక్సెళ్లలో వాడేది 1500, వెలుగులో ఐదో వంతుకు పైగా పోతుంది. మిగిలిన పిక్సెల్ ఒక్కొక్కటీ 2 మిల్లీమీటర్లు. సన్న అక్షరాలు చదివించే పని ఉంటే 4కే తీసుకోక తప్పదు.

స్థలం చాలకపోతే అద్దంతో కాంతిని మడుస్తారు. దానికి మామూలు అద్దం పనికిరాదు, బొమ్మ రెండుగా కనిపిస్తుంది. పూత గాజు వెనక కాక ముందు వైపున ఉండే పైపూత అద్దమే కావాలి. అది గుడ్డతో తుడిచినా గీతలు పడే రకం కనుక విడి అద్దం ఒకటి లెక్కలో ఉండాలి. 3×3 మీటర్ల నేలకు అదే లెన్సుతో తిన్నగా పైనుంచి వేస్తే 3.84 మీటర్ల ఎత్తు కావాలి, దానిపైన ప్రొజెక్టర్ పట్టాలి. మామూలు ఆఫీసు కప్పు అంత ఎత్తుండదు.

యాక్టివ్ స్టీరియో, అంటే కళ్లద్దాలు కుడి ఎడమ కళ్లను వంతులవారీగా మూస్తూ త్రీడీ చూపే పద్ధతి అయితే సెకనుకు 120 బొమ్మలు (120 హెర్ట్జ్), కంటికి 60. కళ్లద్దాలు దాటేసరికి కంటికి చేరే వెలుగు సగం కంటే చాలా తక్కువ, అందుకే బ్రోషర్లోని ల్యూమెన్లను (వెలుగు కొలతను) నమ్మి లెక్క కట్టకూడదు. గోడలన్నీ ఒకే క్షణంలో కుడి ఎడమ మారాలి, దానికి ఫ్రేమ్ లాక్ (బొమ్మలు ఒకేసారి మారేలా పట్టి ఉంచే ఏర్పాటు) ఉన్న వర్క్‌స్టేషన్ గ్రాఫిక్స్ కార్డులూ, వాటిని ఒక తాళంలో నడిపే సింక్ కార్డూ కావాలి. గేమింగ్ కార్డులతో ఖర్చు తగ్గిద్దామంటే ఇక్కడ దెబ్బ తింటారు. కళ్లద్దాలకు సంకేతం పంపే ఇన్‌ఫ్రారెడ్ ఎమిటర్, తల ట్రాకింగ్‌కు ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు పెడితే ఒకదాన్ని ఇంకోటి చెడగొట్టొచ్చు. రెండింటినీ కలిపి నడిపి చూపించమని అమ్మకందారుని ముందే అడగండి.

వేడి సంగతి ఎవరికీ గుర్తుండదు. నాలుగు ప్రొజెక్టర్లు, కంప్యూటర్లు కలిసి 6 కిలోవాట్లు లాగితే గంటకు సుమారు 20,500 బీటీయూ, అంటే 1.7 టన్నుల ఏసీ ఈ పరికరాలకే సరిపోతుంది. లోపలి మనుషుల లెక్క వేరు.

బయటి దేశాల్లో మనవాళ్లు బోల్తా పడేది భవనాల విభాగం దగ్గర. సంస్థ భవనంలో గోడకు మేకు కొట్టాలన్నా, కొత్త సర్క్యూట్ లాగాలన్నా వాళ్లే చేయించాలి, వాళ్ల రేటు వాళ్లదే. పాత భవనమైతే కప్పు తాకే ముందు ఆస్‌బెస్టాస్ పరీక్ష ఉండొచ్చు. తెరలు స్ప్రింక్లర్ల నీటికి అడ్డొస్తే అగ్నిమాపక అధికారి పని ఆపేయగలడు. కొటేషన్లు అడిగే ముందే వీళ్లను గదికి పిలిపించి చూపించండి.

కొటేషన్లో 'ఎక్స్ వర్క్స్' అని ఉంటే రవాణా, బీమా, కస్టమ్స్ అన్నీ మీ నెత్తినే. 'డీడీపీ' అంటే సుంకం కట్టి గుమ్మం దాకా తెచ్చే బాధ్యత వాళ్లది. రెండు రకాల ధరల్ని పక్కపక్కన పెట్టి చవక, ఖరీదు అనడం అర్థం లేని పని. వారంటీలో ఇంజనీరు విమాన ఖర్చు ఉందా లేదా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి.

మన ఉద్యోగాలు చాలావరకు కాలపరిమితి ఒప్పందాలు. అలైన్‌మెంట్ (గోడల బొమ్మలు ఒకదానికొకటి కలిసేలా సర్దడం) తెలిసిన ఒకే ఒక్క మనిషి దేశం విడిచి వెళ్తే గది మూలన పడుతుంది. కెమెరాతో దానంతటదే సరిచేసుకునే సాఫ్ట్‌వేర్, ఇద్దరు స్థానిక సిబ్బందికి శిక్షణ విడి పద్దులుగా రాయండి. సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఏటా కట్టేదైతే ఐదేళ్లదీ కలిపి చూపించండి. త్రీడీ దృశ్యాలు నడిపే గేమ్ ఇంజన్లలో అన్‌రియల్‌కు, బొమ్మను చాలా తెరలకు పంచే ఎన్‌డిస్‌ప్లే దాంతోపాటే వస్తుంది, యూనిటీతో కేవ్ నడపాలంటే మామూలుగా వేరే ప్లగిన్ కొనాలి.

చివరి వాయిదా డబ్బు పరీక్ష పూర్తయ్యాకే ఇచ్చేలా ఒప్పందంలో రాయించండి. గంటల తరబడి నడిపి వేడెక్కాక మూలల్లో గీత కలుస్తోందా, తల గబుక్కున తిప్పితే బొమ్మ వెనకబడుతోందా, ఒక కంప్యూటర్ ఆపి వేస్తే సింక్ తిరిగి పట్టుకుంటుందా అన్నవి ఆ పరీక్షలో పేరుపేరునా ఉండాలి.