నేనెక్కడున్నానో చెబితే చాలు

నాకు చూపు లేదు, బ్యాంకులో ఉద్యోగం. మా బ్రాంచిలో కొత్తగా చేరినవాళ్లు నాతో కాస్త చనువు ఏర్పడగానే తప్పకుండా అడిగే మాట ఒకటుంది. "మేడం, ఇప్పుడు ఫోన్లే దారి చెప్పేస్తున్నాయంట కదా, మీకింక ఇబ్బంది లేనట్టేగా?" అని. ప్రేమగానే అడుగుతారు. అవునంటే అబద్ధం, కాదంటే అంతకన్నా పెద్ద అబద్ధం. లంచ్ టైములో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

నాకున్నది రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు. చిన్నప్పుడు రేచీకటి అన్నారు. డిగ్రీ అయ్యేసరికి పక్కచూపు పోయింది. ఇప్పుడు వెలుతురు ఉందో లేదో మాత్రం తెలుస్తుంది. ఉండేది గుంటూరు బ్రాడీపేటలో, ఉద్యోగం విజయవాడ లబ్బీపేటలో, ఒక బ్యాంకులో. రోజూ బయల్దేరేటప్పుడు తెల్లకర్ర, బ్యాగు, ఫోను, ఒక్క చెవికే పెట్టుకునే ఇయర్‌ఫోను ఉండాల్సిందే. రెండో చెవి రోడ్డుకి వదలాలి. దాన్నీ మూసేస్తే వెనకొచ్చే ఆటో ఎంత దూరంలో ఉందో నాకెవరు చెబుతారు?

నా అనుభవంలో తేలింది ఇదీ: ఫోను నాకు దారి చూపించడంలో అంతంతమాత్రమే, నేనెక్కడున్నానో చెప్పడంలో మాత్రం దానికి సాటి లేదు. ఆ రెండోదే నా బతుకు మార్చింది.

ఎలాగంటే, విజయవాడ బస్టాండులో దిగి లబ్బీపేట వెళ్లే సిటీ బస్సు ఎక్కుతాను. ఇదివరకు ఎక్కగానే "కండక్టరుగారూ, లబ్బీపేట రాగానే ఒక్క మాట చెప్పండి" అని బతిమాలుకునేదాన్ని. ఆయన సరేననేవాడు, మనసులోనూ సరే అనుకునేవాడు. కానీ కంట్రోల్ రూమ్ స్టాప్ దాటేసరికి బస్సు కిక్కిరిసిపోతుంది. టిక్కెట్లు కొట్టాలి, చిల్లర వెతకాలి, ఫుట్‌బోర్డు మీద పిల్లల్ని లోపలికి నెట్టాలి. ఆ గొడవలో నేనెందుకు గుర్తుంటాను? ఒకరోజు బెంజ్ సర్కిల్ దాటాక "అయ్యో, మేడం!" అని కేకేసి దింపారు. ఎన్ని రోడ్లు కలుస్తాయో తెలుసు కదా అక్కడ. ఏ వైపు తిరిగి నిలబడ్డానో తెలీక, హారన్ల మధ్య కర్ర బిగించి పట్టుకుని, ఎవరో ఒకాయన వచ్చి "ఎక్కడికెళ్లాలమ్మా?" అనేదాకా కదల్లేదు. ఆ తర్వాత చాలాకాలం బస్సెక్కిన దగ్గర్నుంచీ మలుపులూ సిగ్నళ్లూ లెక్కపెట్టుకుంటూ కూర్చునేదాన్ని. పక్కావిడ పలకరిస్తే లెక్క తప్పుతుందని భయం. ప్రయాణమంతా ఒళ్లు బిగబట్టుకుని ఉండటమే.

ఇప్పుడు బస్సెక్కగానే గూగుల్ మ్యాప్స్‌లో లబ్బీపేట స్టాప్ పెట్టి ఫోను బ్యాగులో పడేస్తాను. గొంతు తెలుగులో పెట్టుకున్నాను, ఊర్ల పేర్లు చెవికి తేలిగ్గా అందుతాయి. దగ్గరికొచ్చామని అది చెప్పగానే లేచి, సీట్ల రాడ్లు పట్టుకుంటూ డోర్ దగ్గరికి వచ్చేస్తాను. "మీకెలా తెలిసింది మేడం?" అని కండక్టరే అడుగుతాడు. లాజరిల్లో అని ఇంకో యాప్ ఉంది, చిలీ దేశం వాళ్లు చేసింది, ఉచితం. అది ఇంకో పద్ధతి. మనం ఎక్కడికి వెళ్తున్నామో చెప్పకపోయినా చుట్టుపక్కల ఉన్నవాటి పేర్లు చదువుతూ ఉంటుంది. గుడి, బ్యాంకు, పెట్రోలు బంకు, అడ్డరోడ్డు. చూపున్నవాళ్లు కిటికీలోంచి ఊరికే చూస్తారే, అలా ఊరికే వింటాను. కిటికీ సీటు అంటే నాకు ఇప్పుడు అర్థమైంది.

గుంటూరు నుంచి వచ్చే బస్సులోనూ అంతే. దారి నా ఒంటికి తెలుసు. కాజ టోల్‌గేట్ దగ్గర స్పీడ్‌బ్రేకర్ల మీద ఊగుతాం. వారధి ఎక్కగానే అతుకుల మీద చక్రాలు టకటకమంటాయి, కృష్ణ మీది గాలి మొహాన కొడుతుంది. కానీ ఆ రెంటి మధ్యా ఇదివరకు నాకంతా ఒకటే మోత. మొన్నామధ్య నా పక్కన కూర్చున్న పెద్దావిడ కునుకు తీసి లేచి, కంగారుగా "మంగళగిరి దాటిపోయిందా ఏంటమ్మా?" అని ఎవరినో అడిగింది. ఎవరూ పలకలేదు. "లేదండీ, ఇంకో రెండు కిలోమీటర్లుంది, బ్యాగు సర్దుకోండి" అన్నాను. ఆవిడ దిగేటప్పుడు నా కాళ్ల దగ్గర ఉన్న కర్ర తగిలింది. ఒక్క క్షణం ఆగి, "నువ్వా తల్లీ చెప్పింది" అని భుజం తట్టి వెళ్లింది. బస్సులో దారి అడిగేది ఎప్పుడూ నేనే. చెప్పే వంతు నాకు రావడం ఎంత బాగుందో ఆ రోజంతా అనుకుంటూనే ఉన్నాను.

బస్సులో ఇంత బాగా పనిచేసేది రోడ్డు మీద కాలినడకన ఎందుకు తడబడుతుంది? దీని వెనక లెక్క ఉంది. జీపీఎస్ ఉపగ్రహాలు మనకి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. కనీసం నాలుగింటి సంకేతాలు అందితే ఫోను తన చోటు లెక్కగడుతుంది. 2000 మే నెల దాకా అమెరికా ప్రభుత్వం మామూలు జనానికి అందే సంకేతాన్ని కావాలనే చెడగొట్టి వదిలేది. అది ఆపేశాకే ఇలాంటి వాడకం సాధ్యమైంది. ఇప్పుడు ఆకాశం బాగా కనబడే చోట స్మార్ట్‌ఫోను సుమారు 5 మీటర్ల తేడాలో చెబుతుంది. రెండు పక్కలా ఎత్తైన బిల్డింగులుంటే సంకేతం గోడలకి కొట్టుకుని వస్తుంది, తేడా ఇంకా పెరుగుతుంది. బస్సుకి 5 మీటర్లంటే సగం బస్సు పొడవు, ఎవరూ పట్టించుకోరు. నాకు 5 మీటర్లంటే రోడ్డు అంచుకీ రోడ్డు మధ్యకీ ఉన్న తేడా. మూత లేని డ్రైనేజీకి ఇటుండటమా, అందులో ఉండటమా అన్న తేడా.

ఇంకో చిక్కుంది. కదులుతున్నప్పుడు ఎటు పోతున్నామో ఫోనుకి కదలికను బట్టి తెలుస్తుంది. నిలబడినప్పుడు దాని లోపలి దిక్సూచి మీద ఆధారపడాలి. అదేమో ఇనుము దగ్గరికి వెళ్తే తికమక పడుతుంది. ఇనుప షట్టర్లు, కరెంటు స్తంభాలు, ఆగి ఉన్న ఆటోలు... మన రోడ్డంతా ఇనుమే కదా. "తూర్పుకి నడవండి" అంటుంది, తూర్పెటో నాకు తెలియాలి. మా అమ్మమ్మకి దిక్కులు ఒంట్లో ఉండేవి, గిన్నె కూడా "ఆ ఉత్తరం అరలో పెట్టవే" అనేది. నేను మాత్రం సాయంత్రం ఎండ ఏ చెంపకి తగులుతోందో చూసుకుని ఫోను చెప్పింది సరిపోల్చుకుంటాను. మబ్బు పట్టిన రోజు అడగటమే.

ఈ కష్టం మీద పనిచేసినవాళ్లు లేకపోలేదు. 2019 అక్టోబరులో గూగుల్ మ్యాప్స్‌లో నడిచేవాళ్ల కోసం వివరంగా చెప్పే గొంతు తెచ్చారు. మొదట అమెరికాలో ఇంగ్లీషులో, జపాన్‌లో జపనీస్‌లో. మలుపు ఇంకెంత దూరముందో చెబుతుంది, పెద్ద రోడ్డు దాటాల్సి వస్తే ముందే జాగ్రత్త చెబుతుంది, దారి తప్పితే చెబుతుంది. మంచి పని, ఎవరు కాదంటారు? కానీ చెరుకురసం బండి, దారికి అడ్డంగా పెట్టిన బైకు, నిన్న రాత్రి ఎవరో పోసిన ఇసక కుప్ప ఏ మ్యాపులోనూ ఉండవు. వాటి సంగతి కర్రే చెప్పాలి. మొబిలిటీ ట్రైనింగ్, అంటే ఒంటరిగా నడవడంలో శిక్షణ, ఇప్పించకుండా, కర్ర పట్టుకోవడం నేర్పించకుండా, ఫోనుంది కదా అని చూపులేని పిల్లల్ని బయటికి పంపే తల్లిదండ్రులకి చేతులెత్తి మొక్కి చెబుతున్నాను, ముందు కర్ర నేర్పించండి.

నాకు బాగా నచ్చిన ఆలోచన మైక్రోసాఫ్ట్ వాళ్లు 2018లో ఐఫోన్‌కి తెచ్చిన సౌండ్‌స్కేప్. అది కుడికి తిరుగు, ఎడమకి తిరుగు అనదు. మనం వెళ్లాల్సిన చోటు ఏ వైపుందో ఆ వైపు నుంచి చప్పుడు వినిపిస్తుంది. ఎలా వెళ్లాలన్నది మన ఇష్టం. ఆ సంస్థ దాన్ని ఆపేసినా 2023లో దాని కోడ్‌ని అందరికీ వదిలేసింది. ఆ కోడ్ మీద కట్టిందే వాయిస్‌విస్టా. నా స్నేహితురాలు వాడుతుంది. చెవి పక్కన ఎముక మీద కూర్చునే హెడ్‌ఫోన్లు ఆవిడవి, చెవులు రెండూ తెరిచే ఉంటాయి. ఒక సాయంత్రం నాకు పెట్టి, శంకర్ విలాస్ సెంటర్‌కి గురి పెట్టింది. ఎడమ వైపు ఎక్కడో దరువు లాంటి చప్పుడు మొదలైంది. మెల్లగా అటు తిరిగాను. చప్పుడు తలలో జరుగుతూ జరుగుతూ సరిగ్గా ఎదురుగా వచ్చేసరికి ఒక చిన్న గంట కలిసింది. మాట లేదు, ఆజ్ఞ లేదు. "అదిగో, ఆ వైపు" అని వేలు చూపించినట్టు. చూపుపోయాక నాకెవరూ వేలు చూపించలేదు, చూపించినా నాకు తెలియదు. ఆ సాయంత్రం వీధిలో చాలాసేపు అటూ ఇటూ తిరుగుతూ ఆ గంట వింటూ ఉన్నాను.

ఇక మా బ్రాడీపేట గురించి చెప్పకుండా ఉండలేను. చూపులేనివాళ్ల కోసమే కట్టారా అనిపించే పేట ఇది. లైన్లు ఒక వైపు, అడ్డరోడ్లు ఇంకో వైపు. అడ్రసు 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు, అంతే. ప్రతి అడ్డరోడ్డు దగ్గరా గోడల మధ్య నలిగిన చప్పుడు ఒక్కసారి విచ్చుకుంటుంది, పక్క నుంచి గాలి తగులుతుంది. లెక్కపెట్టుకుంటూ పోవచ్చు. మధ్యలో ఎవరైనా పలకరించి లెక్క చెడితే ఫోనుని అడుగుతాను. కానీ కొన్ని అడ్డరోడ్లకి మ్యాపులో నంబర్లే లేవని తెలిసింది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని, 2004లో మొదలైంది, ఎవరైనా దిద్దుకోగల మ్యాపు. వాయిస్‌విస్టా లాంటివి దాన్నుంచే చదువుతాయి. మా అన్నయ్య కొడుకు ఫోనులో స్ట్రీట్‌కంప్లీట్ వేయించాను. అది వీధిలో నిలబెట్టి ప్రశ్నలడుగుతుంది, జవాబులు నేరుగా ఆ మ్యాపులోకి వెళ్తాయి. ఆదివారం పొద్దున్నే ఇద్దరం తిరుగుతాం. "అత్తా, ఇక్కడ ఫుట్‌పాత్ ఉందా అని అడుగుతోంది. లేదని కొట్టనా?" అంటాడు. "కొట్టరా." ఇంకో మలుపు. "ఇక్కడ?" "లేదు, కొట్టు." లేదని రాయడం కూడా పనికొస్తుందని వాడికి చెప్పాను. ఫుట్‌పాత్ లేదని ముందే తెలిస్తే నేను ఇంకో లైనులోంచి వెళ్తాను.

మిగిలింది ఆఖరి పది మీటర్లు. "మీరు గమ్యస్థానానికి చేరుకున్నారు" అని ఫోను చేతులు దులుపుకుంటుంది. నేను చేరుకున్నది కాంప్లెక్సు ముందుకో, వెనక గోడకో. మెట్లు పక్కసందులో ఉంటాయి. ఇక్కడ బీ మై ఐస్ అనే యాప్ పనికొస్తుంది. డెన్మార్క్‌లో హాన్స్ యోర్గెన్ వీబర్గ్ అనే, తనకీ చూపు సరిగా లేని మనిషి ఆలోచన అది, 2015లో వచ్చింది. ఎక్కడో ఉన్న వాలంటీరు మన కెమెరాలోంచి చూసి బోర్డు చదివి పెడతారు. రోడ్డు దాటడానికి మాత్రం దాన్ని వాడొద్దు, వాడను కూడా. చాలాసార్లు పక్కనున్న టీకొట్టాయనే చాలు. మనుషుల్ని అడగడం నాకు ఇష్టమే. ఇదివరకు "ఇదేం సెంటరండీ?" అని బిక్కుబిక్కుమంటూ అడిగేదాన్ని, ఇప్పుడు "ఈ కాంప్లెక్సుకి మెట్లెటండీ?" అంటాను. అడిగేవాళ్లకి ఎక్కడున్నారో తెలిస్తే చెప్పేవాళ్లకీ తేలిక. ఒకటే విన్నపం, సాయం చేసేటప్పుడు నా చెయ్యి పట్టుకుని లాగొద్దు, మీ మోచెయ్యి నాకివ్వండి. మీరు ఒకడుగు ముందు నడిస్తే మెట్టు ఎక్కుతున్నారో దిగుతున్నారో నాకు మీ మోచెయ్యే చెబుతుంది.

సిటీ స్టాపులో వచ్చే బస్సు నంబరు ఏంటో తెలుసుకోవడం ఇంకా తీరని సమస్య. ఐఐటీ ఢిల్లీ వాళ్లు దీనికోసం ఆన్‌బోర్డ్ అని చేశారు, మీట నొక్కితే బస్సు తలుపు దగ్గరున్న స్పీకరు నంబరు పలుకుతుంది. అది మన బస్సులకీ రావాలని గట్టిగా అడగాలి, మా ఉద్యోగులం కొందరం అర్జీ తయారు చేస్తున్నాం.

విజయవాడలోగానీ గుంటూరులోగానీ షాపో, క్లినిక్కో, ట్యూషనో ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే ఒక్క పని చేసిపెట్టండి. గూగుల్ మ్యాప్స్‌లో మీ చోటు తెరిచి, పిన్ను ఎక్కడుందో చూడండి. వెనక వీధిలోనో బిల్డింగు నడిబొడ్డునో ఉంటే, దాన్ని మీ గుమ్మం మీదకి జరపండి. మెట్లు పక్కసందులో ఉంటే "మెడికల్ షాపు దాటాక ఎడమ సందులో మెట్లు, రెండో అంతస్తు" అని వివరంలో రాయండి. ఫొటో తీసి పెడితే చాలదు, అక్షరాల్లో రాయండి. ఫోనులో తెర మీది అక్షరాల్ని పలికే టాక్‌బ్యాక్ దాన్ని చదివి వినిపిస్తుంది, నేను నేరుగా మీ మెట్లెక్కి వస్తాను.