‘రెండేళ్ల నుంచి’ అన్నందుకు

మొన్న మంగళవారం ఇన్సూరెన్స్ డబ్బులు అకౌంట్లో పడ్డాయి. మూడు లక్షల పద్దెనిమిది వేలు. గ్లౌజులకనీ, ఫైలు ఛార్జీలనీ కొంత కోసుకున్నారు, పోనీ. తాకట్టు బంగారం విడిపించుకొచ్చి బీరువాలో పెట్టాకే ఇది రాయడానికి కూర్చున్నాను. కోపం మీద రాస్తే నోటికొచ్చింది రాస్తావని మా ఆయన ఇన్నాళ్లూ ఆపాడు. కోపం ఇప్పుడూ తగ్గలేదు, అది వేరే సంగతి.

నాకు నలభై ఏడేళ్లు. మాది ఒంగోలు. పద్దెనిమిదేళ్లుగా ఎల్ఐసీ ఏజెంటుని. గుండెలో గడ్డ వస్తే ఆపరేషన్ చేయించుకున్నాను. రొమ్ము ఎముక కోయించుకోవడం ఇందులో చిన్న ఘట్టం అంటే నమ్మరు గానీ, నిజం అదే.

శివరాత్రి వెళ్లిన దగ్గర్నుంచి సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చగా ఉండేది. రక్తపరీక్షలో ఈఎస్ఆర్ ఎక్కువుందని, టైఫాయిడ్ అని పది రోజులు మందులు వాడించారు. నాలుగు కిలోలు తగ్గాను. “ఏం డైటు చేస్తున్నావు?” అని మా తోడికోడలు అడిగింది. రాత్రిళ్లు ఎడమ పక్కకి తిరిగితే ఊపిరి ఆగినట్టుండేది, లేచి కూర్చుంటే సర్దుకునేది. గ్యాస్ అన్నారు. మన దగ్గర మెడకీ నడుముకీ మధ్య ఏమొచ్చినా గ్యాసే కదా.

ఏప్రిల్ చివర్లో ఒక పొద్దున టీ గ్లాసు చేతిలోంచి జారిపోయింది. కుడి చెయ్యి నాది కానట్టు వేలాడింది, మాట ముద్దముద్దగా వచ్చింది. పది నిమిషాల్లో అంతా మామూలైపోయింది. “పోయిందిగా, పడుకుంటాను” అన్నాను. మా ఆయన వినకుండా ఆటో ఎక్కించాడు. ఆయన నా మాట వినకపోవడం వల్ల మేలు జరిగింది ఆ ఒక్కసారే. పది నిమిషాల్లో తగ్గిపోయింది కదా అని ఎవరూ ఇంట్లో కూర్చోకండి. అది రాబోయే పక్షవాతం ముందుగా వచ్చి తలుపు కొట్టడమట.

తలకి స్కానింగ్ తీసి, గుండెకి ఎకో రాశారు. ప్రోబ్ పెట్టిన అమ్మాయి అప్పటిదాకా ఒంగోలు ఎండల గురించి మాట్లాడుతోంది. ఉన్నట్టుండి నోరు మూసేసింది. లేచి వెళ్లి డాక్టర్ని పిలుచుకొచ్చింది. తెర మీద నాక్కూడా కనపడింది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఏదో ముద్ద కిందికి దిగి కవాటంలో ఇరుక్కుని, మళ్లీ పైకి పోతోంది. తలుపు సందులో పడ్డ గుడ్డ లాగా.

దాని పేరు మిక్సోమా. ఎడమ పై గదిలో, రెండు పై గదుల మధ్య గోడకి చిన్న కాడతో వేలాడుతోంది. నాలుగున్నర సెంటీమీటర్లు, నిమ్మకాయంత. ఇలాంటివి నాలుగింట మూడు ఆ గదిలోనే పుడతాయట, ఆడవాళ్లకే ఎక్కువట. పక్క మారితే ఆయాసం రావడానికి కారణం, గడ్డ జారి ఆ గది కిందుండే మైట్రల్ కవాటానికి అడ్డం పడటం. జ్వరం, బరువు తగ్గడం కూడా దాని పుణ్యమే. జెల్లీలా మెత్తగా ఉంటుంది కాబట్టి తునకలు రాలి రక్తంలో పడి మెదడుకి పోతాయి. నా చెయ్యి పడిపోయింది అలాంటి తునక వల్లే. ‘ట్యూమర్’ అన్న మాట వినగానే మా అక్క ఏడుపు మొదలెట్టింది. సర్జన్ గారు మాత్రం, “క్యాన్సర్ కాదమ్మా, మంచి గడ్డే. కూర్చున్న చోటే బాలేదు” అన్నారు. మందులతో కరగదు, తీసేయాల్సిందే. ఎన్నాళ్లు ఆగొచ్చు అంటే, “ఈ వారం దాటనివ్వను” అన్నారు.

సరే అనుకున్నాం. పద్నాలుగు నెలల కిందటే హెల్త్ పాలసీ తీసుకున్నాను, ఐదు లక్షలకి. ఎస్టిమేటు మూడు లక్షల ఎనభై వేలు. నాకెందుకు భయం?

అడ్మిషన్ రోజు రాత్రి డ్యూటీ డాక్టర్ వచ్చాడు. మా అబ్బాయి వయసే. “ఆయాసం ఎన్నాళ్ల నుంచమ్మా?” అన్నాడు. నేనూ కబుర్లకి కూర్చున్నదాన్లా, “ఆయాసమా నాయనా, మెట్లెక్కితే రెండేళ్ల నుంచీ ఉంది, లావయ్యాను కదా” అన్నాను. నవ్వాడు. నేనూ నవ్వాను. రాసుకుని వెళ్లిపోయాడు. నేను సంతకం పెట్టాను. పద్దెనిమిదేళ్లలో కొన్ని వందల మందికి “చదవకుండా సంతకం పెట్టకండి” అని చెప్పినదాన్ని, కళ్లజోడు బ్యాగులో ఉందని బద్ధకించి పెట్టేశాను.

మర్నాడంతా ఇన్సూరెన్స్ డెస్క్ నుంచి కబురు లేదు. క్యాష్‌లెస్, అంటే కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టడం, అడిగిన గంటలో తేల్చాలని 2024లోనే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చెప్పింది. నా పాలసీ కంపెనీకి ఒకటిన్నర రోజు పట్టింది. ఆ తర్వాత కిందికి రమ్మన్నారు. నన్ను, పేషెంటుని, చేతికి సూదితో సహా. మా ఆయన వెళ్తానంటే “పాలసీహోల్డరే రావాలి” అన్నారట.

డెస్క్ దగ్గర పదిమంది దాకా ఉన్నారు. ఆ కుర్రాడు తల ఎత్తకుండా, అందరికీ వినపడేట్టు చదివాడు. “రెండేళ్ల నుంచి ఆయాసం అని కేస్ షీట్లో ఉంది. పాలసీ తీసుకుని పద్నాలుగు నెలలు. అంటే జబ్బు ముందే ఉంది, మీరు దాచారు. రిజెక్ట్.”

“దాచడమేంటి బాబూ, నాకే తెలియదు కదా” అన్నాను.

“మీరు ఇన్సూరెన్స్ ఏజెంటే కదా మేడమ్? మీకు తెలియకపోవడమేంటి?”

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. క్యూలో మా ఊరాయన ఒకడు ఉన్నాడు, వాళ్లింట్లో రెండు పాలసీలు నేను చేసినవే. అతను చూపు పక్కకి తిప్పుకున్నాడు. నాకు ఏడుపు రాలేదు. నోరెండిపోయింది. చావు క్లెయిముల్లో జబ్బు దాచిన వాళ్లని ఎంతమందిని చూశానో, ఎంతమంది ముందు పెద్ద ముత్తైదువలా నీతులు చెప్పానో. ఇప్పుడు ఆ దొంగల వరసలో నన్ను నిలబెట్టాడు పాతికేళ్ల కుర్రాడు. “డిపాజిట్ లక్షన్నర కట్టండి, లేకపోతే రేపటి స్లాట్ పోతుంది” అని ఇంకో మాట కూడా అన్నాడు.

ఆ రాత్రి పాలసీ పీడీఎఫ్ ఫోన్లో తెరిచి, కళ్లజోడు పెట్టుకుని, మొదటి పేజీ నుంచి చదివాను. ముందునుంచీ ఉన్న జబ్బు అంటే ఏంటో అందులోనే ఉంది. పాలసీ మొదలయ్యే ముందు 36 నెలల్లో డాక్టరు నిర్ధారించినది, లేదా డాక్టరు సలహా గానీ చికిత్స గానీ ఇచ్చినది. (ఇది 48 నెలలుండేది, 2024లో తగ్గించారు.) మెట్లెక్కితే ఆయాసం వస్తోందని మనసులో అనుకోవడం జబ్బు నిర్ధారణ కాదు. రెండేళ్లలో ఆయాసం కోసం నేను ఏ డాక్టరు గడపా తొక్కలేదు. ఆ లెక్కన చూస్తే ఒంగోలులో నడివయసు దాటిన ఆడవాళ్లంతా గుండెజబ్బు దాచినవాళ్లే.

పొద్దున్నే రౌండ్స్‌కి వచ్చిన సర్జన్ గారికి పేజీ చూపించాను. ఆయన నిలబడే లెటర్ రాసిచ్చారు: గడ్డ మొదటిసారి బయటపడింది ఈ ఎకోలోనే, అంతకుముందు నిర్ధారణ గానీ చికిత్స గానీ లేదు, మెట్ల ఆయాసం దీనివల్లే అని చెప్పలేం అని. డ్యూటీ డాక్టర్ని పిలిచి, “లావు వల్ల అని పేషెంటు చెప్పింది ఎందుకు రాయలేదు?” అని అడిగారు. ఆ పిల్లాడు బిక్కమొహం వేశాడు. పాపం అనిపించింది, ఒక క్షణం. లెటర్ పంపాక రెండోసారీ రిజెక్టే వచ్చింది, అదే వాక్యం, కామా కూడా మార్చలేదు. బంగారం తాకట్టు పెట్టాం. మా బావగారు లక్ష సర్దారు. ఆయన భార్యే డైటు గురించి అడిగింది, అందుకని ఆమెని ఇప్పుడేమీ అనలేను.

ఆపరేషన్ నాకు గుర్తున్నంతలో, మత్తు ఇవ్వడం, మెలకువ రావడం. మిగతాది వాళ్లు చెప్పింది. గుండెని ఆపి, రక్తాన్ని మిషన్ మీద తిప్పుతూ, గోడ కొంచెం కూడా కలిపి గడ్డని కాడతో సహా తీసేశారు. గోడలో పడ్డ చిల్లుకి నా గుండె మీది పొర ముక్కనే అతుకేశారు. 1954లో స్టాక్‌హోమ్‌లో క్రాఫోర్డ్ అనే సర్జన్ మొదటిసారి ఇలా మిషన్ సాయంతో తీశాడట. అంతకుముందు ఈ గడ్డలు ఎక్కువగా శవపరీక్షలోనే బయటపడేవట. ఐసీయూలో మూడు బంతుల బుడ్డి ఇచ్చి ఊపిరి పీల్చమన్నారు. నేను మూడు బంతులూ లేపాను, పక్క బెడ్డాయన ఒక్కటీ లేపలేకపోయాడు. మూడో రోజు గుండె లయ తప్పి 140కి పోయింది, మందుతో ఆ రాత్రికే దారికొచ్చింది. దగ్గొస్తే దిండు గుండెకి అదుముకోవాలి, బిందె ఎత్తకూడదు. ఎనిమిదో రోజు ఇంటికొచ్చాను. బయాప్సీలోనూ మిక్సోమా అనే వచ్చింది. నూటికి కొద్దిమందికి మళ్లీ వస్తుంది కాబట్టి ఏడాదికోసారి ఎకో తప్పదన్నారు. కొన్ని కుటుంబాల్లో ఇది వంశంలో పాకుతుందట, వాళ్లకి మొహం మీద, పెదాల మీద గోధుమరంగు మచ్చలుంటాయట. మా అబ్బాయి మొహం లైటేసి చూశారు. మొటిమలే.

కాస్త కూర్చోగలిగాక నా అసలు పని మొదలుపెట్టాను. కేస్ షీట్ కాపీ అడిగాను. వారం తిప్పారు, మా ఆయన కింద అటెండర్‌తో గొడవ పడితే గానీ ఇవ్వలేదు. రీయింబర్స్‌మెంట్‌కి మొత్తం పంపి, పాలసీలోని ఆ నిర్వచనం పేజీ ప్రింటు తీసి, ఎర్ర పెన్నుతో గీత గీసి జతచేశాను. కంపెనీ గ్రీవెన్స్ విభాగానికీ, ఐఆర్‌డీఏఐ వాళ్ల ‘బీమా భరోసా’ పోర్టల్లోనూ ఫిర్యాదు పెట్టాను. ముప్పై రోజుల్లో తేల్చకపోతే హైదరాబాద్‌లో బీమా తగాదాలు తేల్చే అంబుడ్స్‌మన్ దగ్గరికి వస్తాను, అక్కడ ఫీజు లేదని నాకు తెలుసు అని కూడా రాశాను. ఫోన్లో ఏడవకండి, కాగితం మీద రాయండి. వాళ్లకి ఏడుపు అలవాటే. ఇరవై ఆరో రోజు “క్లెయిమ్ పునఃపరిశీలించబడినది” అని మెసేజ్ వచ్చింది. దాచారు అన్న మాటకి క్షమాపణ ఎక్కడా లేదు. మా ఊరాయనకి ఆ మెసేజ్ ఫార్వర్డ్ చేశాను. బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టాడు.

నిన్న మూడు నెలల చెకప్‌కి వెళ్లాను. ఎకో శుభ్రంగా ఉంది. ఈసారి కొత్త డ్యూటీ డాక్టరు, చిన్న పిల్ల, ఫైలు తెరిచి పెన్ను మూత తీస్తూ, “ఇప్పుడు మెట్లెక్కితే ఎలా ఉంటోందమ్మా, ఆయాసం ఏమైనా వస్తోందా, ఎన్నాళ్ల నుంచి?” అంది.

బ్యాగులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాను. “ఆ మూత పెట్టు తల్లీ, ముందు మాట్లాడుకుందాం” అన్నాను.