యాభై కౌంట్

నైట్ డ్యూటీ దిగి రూముకొచ్చి బూట్లు విప్పుతుంటే నెల్లూరు నుంచి ఫోన్. బీఎస్సీ నర్సింగ్ చదువుతున్న మా పిన్ని కూతురు. "అక్కా, సూది వెయ్యమంటే వేస్తా, రాత్రంతా నిలబడమన్నా నిలబడతా. ఈ స్టాటిస్టిక్స్ మాత్రం నా వల్ల కాదు."

నవ్వలేదు. నేనూ స్టాండర్డ్ డీవియేషన్ సూత్రం బట్టీపట్టి, పరీక్ష హాలు గుమ్మం దాటగానే వదిలేసినదాన్నే. కాలేజీలో నర్సింగ్‌కు దారి చూపిన ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు చెప్పి చేతికి దీపం ఇచ్చారు. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలకంటే రోగాలతోనే ఎక్కువ పోయారని 1858లో రంగుల పటం గీసి చూపించిందీ ఆవిడేనని మాత్రం నాకెవరూ చెప్పలేదు.

ఇంగ్లండ్ వచ్చిన కొత్తలో ఒక నెల మా వార్డులో పేషెంట్లు ఐదుసార్లు జారిపడ్డారు, పక్క వార్డులో నాలుగుసార్లే. మాకే చెడ్డపేరని ఒకటే టెన్షన్. మా మేనేజర్ పేపరు టవల్ మీద లెక్కేసింది. మావి 28 మంచాలు, వాళ్లవి 18, నెలంతా నిండే ఉన్నాయి. 30 రోజులకు మావి 840 మంచం-రోజులు, వాళ్లవి 540. వెయ్యి మంచం-రోజులకు చూస్తే మాకు దాదాపు ఆరు, వాళ్లకు ఏడు దాటింది. నా మొహం వెలిగింది. "అప్పుడే సంబరపడకు, వాళ్లకు ఒక్కటి తగ్గినా లెక్క తిరగబడుతుంది. ఇంకొన్ని నెలలు చూడు" అంది.

చెల్లికీ ఇదే చెప్పబోయి ఆగాను. వాళ్లకు అల్లూరు దగ్గర రొయ్యల గుంటలున్నాయి.

"బాబాయి కౌంట్ ఎట్లా చూస్తాడే?"

"వల విసిరి, పడ్డవి తూస్తాడు. కిలోకి యాభై వస్తే యాభై కౌంట్."

"అంటే ఒక్కోటి ఇరవై గ్రాములు. గుంటంతా తూచాడా?"

"ఏందక్కా, లక్షలుంటాయి!"

"ఒక్క మూలే విసిరితే?"

"మేత పడేచోట పెద్దవి చేరతాయి గదా, తప్పు..." అని ఆగిపోయింది.

"యాభై కౌంటే వచ్చినా కొనేవాడు ఒక్కోసారి రేటు కోస్తాడు. ఎందుకు?"

"సైజు కలవలేదంటాడు. కొన్ని లావు, కొన్ని పీలగా."

"ఆ కలవకపోవడాన్ని కొలిచేదే నీ స్టాండర్డ్ డీవియేషన్."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి పుస్తకంలో ఆ సూత్రానికి అంత పెద్ద సిగ్మా గుర్తు ఎందుకు పెట్టారక్కా?" అంది కోపంగా.

ఆదివారం వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. వంటింటి త్రాసు, ఇరవై రొయ్యలు, నోటుబుక్కులో వరసగా ఇరవై అంకెలు. కింద మెసేజ్: "సగటు వచ్చింది. పులుసుకి ఆలస్యమవుతోందని అమ్మ తిడతా ఉంది."