అద్దె కాగితం మీద మీ పేరు లేకపోతే హెచ్‌ఆర్‌ఏ మాటేమిటి?

భీమవరంలో గానీ అమలాపురంలో గానీ మంచి పోర్షన్ దొరకడం ఒక ఎత్తు, దానికి కాగితం రాయించుకోవడం ఇంకో ఎత్తు. చాలాచోట్ల నోటిమాటే. రాసినా మామగారి పేరునో, భార్య పేరునో, ముందు నుంచీ ఆ వాటాలో ఉంటున్న స్నేహితుడి పేరునో ఉంటుంది. జనవరిలో ఆఫీసు వాళ్లు అద్దె రుజువులు అడిగినప్పుడు గానీ ఆ సంగతి గుర్తుకు రాదు.

జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యానికి (హెచ్‌ఆర్‌ఏ) పన్ను మినహాయింపు కావాలంటే చట్టం అడిగేవి రెండే. మీరుంటున్న ఇల్లు మీ సొంతం కాకూడదు, అద్దె మీరే కట్టి ఉండాలి. 1961 ఆదాయపు పన్ను చట్టం 10(13ఏ)లో అగ్రిమెంటు మీ పేరునే ఉండాలన్న మాట లేదు. (2026 ఏప్రిల్ 1 నుంచి 2025 చట్టం కాబట్టి సెక్షన్ నంబర్లు మారతాయి. 2025-26 జీతానికి పాత నంబర్లే.) అద్దె కట్టింది మీరేనని చూపించుకోవాల్సింది మాత్రం మీరే. కాగితంలో పేరు లేనప్పుడు ఆ పని బ్యాంకు స్టేట్‌మెంటు చేయాలి.

అంతకన్నా ముందు, ఈ తిప్పలు మీకు అవసరమా అన్నది చూసుకోండి. కొత్త పన్ను విధానంలో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపే లేదు, అది పాత విధానం ఎంచుకున్నవాళ్లకే. 2025-26లో జీతం తప్ప వేరే ఆదాయం లేనివాళ్లకు 12.75 లక్షల దాకా కొత్త విధానంలో పన్నే పడదు. అంతకు మించిన జీతం ఉండి, ఇంటిలోను వడ్డీ, 80సీ సెక్షన్ కింద చూపే పీఎఫ్, ఎల్‌ఐసీ లాంటి పొదుపులు గట్టిగా ఉన్నవాళ్లకే పాత విధానం లెక్క వేసుకోవడంలో అర్థముంది.

లెక్క ఇదీ. అందిన హెచ్‌ఆర్‌ఏ, కట్టిన అద్దెలోంచి మూలవేతనం డీఏల మొత్తంలో 10% తీసేయగా మిగిలింది, ఆ మొత్తంలో 40%. ఈ మూడింట్లో ఏది తక్కువైతే అదే మినహాయింపు. మూలవేతనం, డీఏ కలిపి నెలకు 1,10,000 అనుకుందాం. ఏడాదికి 13,20,000, అందులో 10% అంటే 1,32,000. అద్దె నెలకు 15,000 చొప్పున 1,80,000. తీసేస్తే 48,000. మన ఊళ్ల అద్దెలకు దాదాపు ఎప్పుడూ ఈ రెండోదే తక్కువగా తేలుతుంది. 30% శ్లాబులో సెస్సుతో కలిపి పన్నులో మిగిలేది 14,976 రూపాయలు.

ఇద్దరూ ఉద్యోగస్తులైతే ఇక్కడే బోల్తా పడతారు. అద్దె చెరిసగం కట్టి చెరిసగం చూపిద్దామనుకుంటారు. ఒక్కొక్కరి వంతు 90,000. జీతాలు సమానమైతే 10% కోత 1,32,000. ఇద్దరికీ సున్నా! పూర్తి అద్దె ఒకరి ఖాతా నుంచే వెళ్లి, ఆ ఒక్కరే మినహాయింపు తీసుకుంటే 48,000 నిలబడుతుంది. ఒకే అద్దెను ఇద్దరూ పూర్తిగా చూపించడం మాత్రం తప్పుడు లెక్క. పట్టుబడితే తగ్గించి చూపిన పన్నుపై 200% దాకా జరిమానా పడుతుంది.

కాగితాన్ని సరిచేసుకోవడం పెద్ద పనేమీ కాదు. పాత అగ్రిమెంటును ప్రస్తావిస్తూ, మిమ్మల్ని కూడా అద్దెదారుగా చేర్చుతూ స్టాంపు పేపరు మీద అనుబంధ ఒప్పందం రాయించండి. ఓనరు, పాత అద్దెదారు, మీరు సంతకాలు చేయాలి. ఈ రోజు తేదీయే వేయండి. పాత తేదీ వేస్తే స్టాంపు వెండరు వెనకాల రాసిన అమ్మకం తేదీయే మిమ్మల్ని పట్టిస్తుంది. గడిచిన నెలలకు ఓనరు నుంచి విడిగా ధ్రువీకరణ తీసుకోండి. ఫలానా ఇంట్లో ఫలానా నెల నుంచి ఉంటున్నారు, అద్దె ఫలానా ఖాతా నుంచి వస్తోంది అని రాస్తే సరిపోతుంది. అగ్రిమెంటు భార్య పేరున ఉంటే ఆమె ఈ అద్దెపై హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు తీసుకోవడం లేదని ఒక కాగితం జతచేయండి. రసీదులో ఇంటి చిరునామా, నెల, మొత్తం, చెల్లించిన తీరు ఉండాలి. 5,000 దాటిన నగదు రసీదుకు రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి. అసలు నగదు మానేసి, ప్రతి నెలా మీ ఖాతా నుంచే ఓనరు ఖాతాకు పంపడం మేలు. మీరు భార్యకు, ఆమె ఓనరుకు పంపితే రుజువు పలచబడుతుంది.

ఏడాది అద్దె లక్ష దాటితే ఆఫీసుకు ఇచ్చే 12బీబీ ఫారంలో ఓనరు పాన్ రాయాలి. ఆ అద్దె ఓనరు ఏఐఎస్‌లో, అంటే పన్ను శాఖ దగ్గరుండే ఆయన వార్షిక ఆదాయ వివరాల్లో, కనిపించే వీలుంది. ముందే చెప్పి అడగండి, తరవాత తెలిస్తే ఇల్లు ఖాళీ చేయమంటారు. పాన్ లేని పెద్దావిడ ఓనరైతే పేరు, చిరునామాతో ఆ మేరకు డిక్లరేషన్ తీసుకోవాలి.

మన డెల్టాలో అసలు చిక్కు వేరే ఉంది. కొడుకు అమెరికాలో, ఇల్లు అతని పేరున, అద్దె తీసుకునేది ఇక్కడున్న నాన్నగారు. రసీదు మీద నాన్నగారి పాన్ వేస్తే కుదరదు. ఓనరు పాన్ కావాలి, నాన్నగారు సంతకం చేయాలంటే పవర్ ఆఫ్ అటార్నీ ఉండాలి. పైగా ఓనరు ఎన్నారై అయితే అద్దె ఎంత చిన్నదైనా మీరు టాన్ (పన్ను కోసేవాళ్లు తీసుకునే నంబరు) తీసుకుని సెక్షన్ 195 కింద అద్దెలోంచి ముందే పన్ను (టీడీఎస్) కోయాలి, మామూలుగా 31.2%. మూడు నెలలకోసారి ఆ కోత వివరాలతో 27క్యూ రిటర్ను వేయాలి. కోయకపోతే ఆ పన్ను వడ్డీతో సహా మీ దగ్గరే వసూలు చేస్తారు. ఓనరు ఇక్కడే ఉంటే నెల అద్దె 50,000 దాటితే తప్ప ఈ గొడవ లేదు.

అమ్మానాన్నల ఇంట్లో ఉంటూ వాళ్లకు అద్దె కట్టొచ్చు. బ్యాంకు ద్వారా కట్టాలి, వాళ్లు తమ ఆదాయంలో చూపించాలి. అయితే ఆ ఇల్లు తాతగారి పేరునే ఉండిపోయి పంపకాలు కాకపోతే మీరూ వాటాదారే కావచ్చు. అలాంటి ఇంటి జోలికి పోకండి.

జీతంలో హెచ్‌ఆర్‌ఏయే లేని ప్రైవేటు స్కూలు టీచర్లకు 80జీజీ సెక్షన్ కింద అద్దె మినహాయింపు ఉంది. నెలకు 5,000 మించదు, రిటర్నుకు ముందే 10బీఏ ఫారం వేయాలి, ఇదీ పాత విధానంలోనే.

ఆఫీసు వాళ్లు అగ్రిమెంటు మీ పేరున లేదని ఒప్పుకోకపోతే వాదన పెట్టుకోవద్దు. టీడీఎస్ కోయనిచ్చి, రిటర్నులో మినహాయింపు అడగండి. గడువు తేదీ, మామూలుగా జులై 31, దాటితే పాత విధానం ఎంచుకునే వీలు పోతుంది, దాంతోపాటే హెచ్‌ఆర్‌ఏ కూడా. ఆఫీసు ఇచ్చే ఫారం 16కూ (జీతం, కోసిన పన్ను వివరాల కాగితం) మీ రిటర్నుకూ తేడా కనబడితే నోటీసు రావచ్చు. అందుకని రసీదులు, స్టేట్‌మెంట్లు, అనుబంధ ఒప్పందం ఒకే ఫైల్లో పెట్టుకోండి.