నాలుగో పిల్ల

ఆదివారం

ఆరున్నరకి బాల్కనీ తలుపు తీసి ముందుగా ఫించ్ పిట్టలు గూడు పెట్టుకున్న కుండ దగ్గర చెవి పెట్టాను. లోపల పిల్లల సన్నటి అరుపులు వినిపించాయి. కానీ ఎన్ని గొంతులో ఎలా తెలుస్తుంది?

ఐదు గుడ్లలో నాలుగు పిల్లలయ్యాయి. మూడు పిల్లలు బుధ, గురువారాల్లో పుట్టాయి, నాలుగోది శుక్రవారం సాయంత్రం. పన్నెండు, పదమూడు రోజుల్లో గుడ్డు లోంచి బయటికొచ్చే ప్రాణానికి ఒక్క రోజు తేడా అంటే చాలా ఎక్కువ. పెద్దవి మెడలు సాచి నోళ్ళు తెరిస్తే చిన్నది వాటి కిందే ఉండిపోతోంది. ఈ పిల్లల చర్మం ఎంత పల్చనంటే, మెడ పక్కన ఉండే మేత సంచిలో గింజలు బయటికే కనిపిస్తాయి. రాత్రి టార్చి వేసి చూస్తే మూడింటికి సంచులు ఉబ్బి ఉన్నాయి, దానిది మాత్రం ఖాళీ. చాలాసేపు నిద్ర పట్టలేదు. చేత్తో తినిపిద్దామంటే, అంత చిన్న గొంతుకి అడ్డం పడితే?

అందుకే ఇవాళ పొద్దున్నే గుడ్డు ఉడికించి మెత్తగా చిదిపాను. నానబెట్టి మొలకెత్తించిన కొర్రలు పక్కనే పెట్టాను. తల్లిదండ్రులకి మేత దగ్గరగా, బోలెడంత ఉంటే చిన్నదాని వంతు కూడా వస్తుందని నా ఆశ. చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ళ కింద పళ్ళేల్లో నీళ్ళు మార్చి, దూరంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

నారింజ రంగు బుగ్గల మగది ముందు వచ్చింది. గబగబా గుడ్డు తిని కుండలోకి దూరింది, వెంటనే ఆడది బయటికొచ్చింది. పొదగడం, మేపడం అన్నీ ఇద్దరూ వంతులేసుకుని చేస్తారు. చూస్తూ ఉంటే టిఫిన్ చల్లారిపోయింది.

పక్క పంజరంలో కెనరీ పిట్టల పద్ధతి వేరు. ఆడదే కూర్చుని పొదుగుతుంది, మగది గూటి దగ్గరికొచ్చి దాని నోట్లో మేత పెట్టి వెళ్తుంది. ఇవాళ నాలుగో గుడ్డు పెట్టింది. మొదటి మూడూ పెట్టినవి పెట్టినట్టు తీసి దూదిలో దాచి, గూట్లో ప్లాస్టిక్ గుడ్లు ఉంచాను. ఇప్పుడు అసలువి తిరిగి పెట్టేశాను. అన్ని గుడ్లనీ పొదగడం ఒకేసారి మొదలైతే పిల్లలూ ఇంచుమించు ఒకేసారి వస్తాయి. ఫించ్‌లు బెదిరి కుండ వదిలేస్తాయేమోనని వాటికి ఈ పని చెయ్యలేదు. ఆ చిన్నదాన్ని చూసినప్పుడల్లా చేసి ఉండాల్సిందేమో అనిపిస్తోంది.

సాయంత్రం తల్లీ తండ్రీ ఫించ్‌లు రెండూ గింజల దగ్గరికి వచ్చినప్పుడు మా పాపని ఎత్తుకుని కుండలోకి టార్చి వేశాను.

"నాన్నా, చిన్నదాని మెడలో పసుప్పచ్చగా ఉంది!"

గుడ్డు సొన. సంచి సగం నిండింది. నా కళ్ళు తడిశాయి. పాప కిందికి దిగి క్యాలెండర్ దగ్గరికి పరిగెత్తి, పదమూడు రోజులు లెక్కపెట్టి, వచ్చే శనివారం కాక ఆ పై శనివారం చుట్టూ సున్నా చుట్టి "కెనరీ" అని రాసింది.